నాలుగో అంతస్తు ఫిర్యాదు

బొగొటా,
1998 మార్చి 9

వీధి వినోదాల కార్యాలయంలో ఈ ఉత్తరం ఎవరి చేతికి వస్తే వారికి,

అయ్యా,

నమస్కారం. నా పేరు ఎలీసెర్ కింబాయో. డెబ్భై ఒకటి నిండాయి. ఎల్ సౌసే పార్కుకి ఎదురుగా ఉన్న మేడలో, నాలుగో అంతస్తులో ఉంటాను. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ సైకిళ్ళు బాగుచేశాను. ఇప్పుడు నా మోకాళ్ళు బాగుచేసేవాడు దొరక్క కిటికీ దగ్గర కూర్చున్నాను.

ప్రతి ఆదివారం మీరు మా వీధిలో కార్లు ఆపేసి సైకిళ్ళకి వదులుతారు. ఎనిమిదింటికి పార్కులో పాటలు పెట్టి జనం చేత కసరత్తు చేయిస్తారు. ఆ పాటలకి మా కిటికీ అద్దాలు గలగలమంటాయి. అల్మరాలో కప్పులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. నేర్పించే అమ్మాయి "ఇంకోసారి! ఇంకోసారి!" అని అరిచినప్పుడల్లా గోడ సున్నం రాలుతుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇంతవరకు ఎవరూ మీకు ధన్యవాదాలు చెప్పి ఉండరు. నేను చెబుదామని. వారంలో ఆరు రోజులు మా ఇంట్లో కుళాయి చుక్క తప్ప వేరే చప్పుడుండదు. ఆదివారం ఒక్కపూట మనుషులున్న కొంపలా ఉంటుంది. అంతే సంగతి.

ఇట్లు,
ఎలీసెర్ కింబాయో

తా.క.: మీ పాటల పెట్టె కుడి గొంతు కాస్త జీరపోయింది. లోపల తీగ వదులైనట్టుంది. ఇది ఫిర్యాదు కాదు. చెవిన పడింది గనుక చెప్పాను.

•

వీధి వినోదాల కార్యాలయము
ఫిర్యాదుల విభాగము
1998 మార్చి 17

శ్రీ ఎలీసెర్ కింబాయో గారికి,

తమరు 9వ తేదీన వ్రాసిన ఫిర్యాదు ఈ కార్యాలయమునకు చేరినది. కిటికీ అద్దములు, కప్పులు, గోడ సున్నము, ఈ మూడింటికి కలిగిన బాధ వేర్వేరుగా నమోదు చేయబడినది. ఫిర్యాదు యొక్క గులాబీరంగు నకలు పై అంతస్తులోని క్షేత్ర విభాగమునకు పంపబడినది. రాబోవు ఆదివారము నుండి పాటల శబ్దము సగమునకు తగ్గించబడును.

తమరికి ఇంకను ఏదేని బాధ యున్నచో తప్పక వ్రాయగలరు.

విధేయతతో,
ఎన్. ట్రిస్టాంచో
ఫిర్యాదుల గుమాస్తా

తా.క.: కప్పులు మొత్తము ఎన్నియో తెలుపలేదు. ఫారములో గడి ఖాళీగా నున్నది.

•

బొగొటా,
మార్చి 30

గౌరవనీయులైన ట్రిస్టాంచో సారుకి,

నమస్కారం. సారూ, ఎక్కడో పొరపాటు జరిగింది. నేను మెచ్చుకుంటూ రాస్తే మీరు ఏడుస్తూ రాశాననుకున్నారు. నా చేతిరాత బాగుండదని మా బడి పంతులు అరవై ఏళ్ళ కిందటే అన్నాడు, తప్పు నాదే.

మీరు చెప్పినట్టే చప్పుడు సగానికి తగ్గింది. ఇప్పుడు నాలుగో అంతస్తుకి ఏమీ వినపడదు. పైనుంచి చూస్తే పద్ధెనిమిది మంది ఆడవాళ్ళు పాటా మాటా లేకుండా చేతులు ఆడిస్తుంటారు. నీళ్ళలో మునిగిపోతున్నవాళ్ళు సాయం కోసం చేతులెత్తినట్టుంది. చూస్తే గుండె నీరైపోతోంది. దయచేసి చప్పుడు పెంచండి. ఎంత వీలైతే అంత.

మీకు నా మీద కోపం రాకూడదని ఈ పొట్లంలో ఆరు కొకాదాలు పంపుతున్నాను. కొబ్బరి కోరి, బెల్లంపాకంలో నేనే చేశాను. ఇంట్లో ఇదివరకు చేసేవాళ్ళ చేతి నేర్పు నాకు రాలేదు. అంచులు మాడాయి. మధ్యలో బాగుంటాయి.

ఇట్లు,
ఎలీసెర్ కింబాయో

తా.క.: కప్పులు రెండే. వాడేది ఒకటి.

రెండో తా.క.: ఎన్. అంటే నెస్టరా, నార్సిసోనా? మిమ్మల్ని తల్చుకుంటే నాకు మీసాలే కనిపిస్తున్నాయి.

•

వీధి వినోదాల కార్యాలయము
ఫిర్యాదుల విభాగము
ఏప్రిల్ 8

శ్రీ ఎలీసెర్ కింబాయో గారికి,

తమరి రెండవ ఫిర్యాదు అందినది. పార్కులో పద్ధెనిమిది మంది స్త్రీలు నీట మునుగుచున్నారని తమరు తెలిపిన విషయము మిగుల తీవ్రమైనదిగా పరిగణించబడి, గులాబీరంగు నకలు తక్షణము క్షేత్ర విభాగమునకు పంపబడినది. ఆ విభాగము వారు ఉత్తరములు పూర్తిగా చదువరు. చర్య మాత్రము పూర్తిగా గైకొందురు. అందువలన ఈ ఆదివారము నుండి ప్రాణరక్షకుడొకరు పార్కులో కూర్చుండును. చెట్టుకు తేలెడు గాలి చక్రము వ్రేలాడదీయబడును.

శబ్దము విషయమున తమ వ్యంగ్యము అర్థమైనది. సైకిళ్ళ గంటలు సైతము తమ నిద్రకు భంగమని ఊహించి, తమ మేడ ఎదుట ఒక బోర్డు నాటబడును.

కొకాదాలు ఉద్యోగులు స్వీకరించరాదు. నిబంధన పదకొండు ప్రకారము ఆరింటిని ధ్వంసము చేయడమైనది.

విధేయతతో,
ఎన్. ట్రిస్టాంచో

తా.క.: ధ్వంసము చేసిన వస్తువులలో వేసినది లవంగమా, దాల్చినచెక్కయా? నమోదు నిమిత్తము.

•

బొగొటా,
ఏప్రిల్ 20

ట్రిస్టాంచో సారూ,

నమస్కారం అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

బోర్డు పాతారు. నిలువెత్తు బోర్డు. "గంటలు మోగించరాదు. ఫిర్యాదుదారు: ఎలీసెర్ కింబాయో, నాలుగో అంతస్తు." సారూ, నేను నలభై ఏళ్ళలో కొన్ని వేల గంటలు బిగించినవాణ్ణి. ఇప్పుడు సైకిలు మీద వెళ్ళే ప్రతివాడూ బోర్డు చదివి, తలెత్తి చూసి, కావాలని నోటితో "ట్రింగ్! ట్రింగ్!" అంటూ పోతున్నాడు.

కింద కమలారసం పిండి అమ్మే డోన్యా ఎడెల్మిరా ఉంది. ఇరవై ఏళ్ళ పరిచయం. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని వీధంతా వినపడేలా కేకేసింది.

"ఏమయ్యా పెద్దమనిషీ! నీకు పాట పడదు, గంట పడదు! నా కమలాపళ్ళ మర కిర్రుమంటుంది, దాన్నెప్పుడు ఆపిస్తావ్?"

"నేనేం చెయ్యలేదమ్మా! నేను వాళ్ళని మెచ్చుకున్నాను!" అని కిటికీలోంచి అరిచాను.

"మెచ్చుకుంటేనే ఇలా ఉంది, తిడితే ఊరు ఖాళీ చేయించేవాడివి!" అంది.

జనం నవ్వారు. నేను కిటికీ రెక్క వేసేశాను. ఆదివారం పూట నేను ఆ రెక్క వేయడం ఇదే మొదలు.

ఇక మీ ప్రాణరక్షకుడు. లావాటి మనిషి, నడివయసువాడు. ఎర్ర నిక్కరొక్కటీ వేసుకుని మన బొగొటా చలిలో, చినుకుల్లో, నీటి చుక్క లేని గడ్డి మధ్య ఎత్తు కుర్చీలో కూర్చుని గజగజలాడుతున్నాడు. ఆడవాళ్ళు ఎవరైనా చెయ్యెత్తితే చాలు, విజిల్ ఊదుతున్నాడు. కసరత్తు కదా, అందరూ ఎత్తుతారు.

దండం పెడతాను. అన్నీ ముందున్నట్టు పెట్టండి. ముందున్నట్టు, అంతకన్నా ఏమీ వద్దు.

ఇట్లు,
ఎలీసెర్ కింబాయో

తా.క.: లవంగాలు రెండు, దాల్చినచెక్క వేలెడు. నమోదు చేసుకోండి. మీ ఆవిడకి చెప్పండి, పాకం ముదరకముందే దింపాలి. నేను దింపలేదు, అందుకే మీకు పళ్ళు నొప్పెట్టి ఉంటాయి, ధ్వంసం చేసేటప్పుడు.

•

వీధి వినోదాల కార్యాలయము
ఫిర్యాదుల విభాగము
ఏప్రిల్ 30

శ్రీ ఎలీసెర్ కింబాయో గారికి,

తమరి మూడవ ఫిర్యాదు అందినది. మూడు ఫిర్యాదులు వచ్చిన చోట వినోదము కొనసాగించరాదని క్షేత్ర విభాగము వారి నియమము. ఆ సంగతి ఈ గుమాస్తాకు ముందుగా తెలియదు. తెలిసిన పిమ్మట పై అంతస్తుకు రెండు మార్లు ఎక్కి చెప్పడమైనది. వినలేదు.

కావున మే 3వ తేదీ నుండి కసరత్తు తరగతి ఎల్ సౌసే పార్కు నుండి ఆరు వీధుల ఆవల, అగ్నిమాపక కేంద్రము వెనుకనున్న బాస్కెట్‌బాల్ మైదానమునకు మార్చబడినది. బోర్డు, ప్రాణరక్షకుడు, గాలి చక్రము తొలగించబడును. తమ వీధికి సంపూర్ణ నిశ్శబ్దము లభించినందులకు అభినందన పత్రము ఇందు వెంట జతపరచడమైనది.

విధేయతతో,
ఎన్. ట్రిస్టాంచో

తా.క.: పాకము విషయము చెప్పుటకు ఈ గుమాస్తా ఇంట ఎవరును లేరు. ఇది నమోదు చేయనక్కరలేదు.

•

బొగొటా,
మే 4

ట్రిస్టాంచో గారికి,

నిన్న ఎనిమిదింటికి కిటికీ తెరిచాను. గడ్డి ఉంది. ఒక కుక్క ఉంది. అభినందన పత్రం బల్ల మీద ఉంది. మీరు కోరుకున్నది ఇదే అయితే చక్కగా జరిగింది.

మొదటి ఉత్తరంలో ఒక ముక్క రాయలేదు. పరాయివాళ్ళకి ఎందుకులే అనుకున్నాను. ఇప్పుడు రాస్తాను, చదివి ఏ రంగు కాగితం మీద నకలు తీసుకుంటారో మీ ఇష్టం.

నా భార్య పేరు ఒదీలియా. మీ తరగతి మొదలైన రోజు నుంచీ వెళ్ళింది. మూడో వరసలో ఎడమ నుంచి నాలుగో మనిషి. పచ్చ స్వెట్టరు. ఒక్క అడుగు కూడా పాటతో కలిసేది కాదు. అందరూ కుడికి తిరిగితే తను ఎడమకి తిరిగి, పక్కావిడ ముక్కుకి ముక్కు తగిలించి పకపకా నవ్వేది. మధ్యలో తలెత్తి నన్ను చూసి అరిచేది. "దిగిరావయ్యా ముసలాయనా! కిటికీలో పూలకుండీలా కూర్చున్నావ్!" నేను మోకాలు చూపించేవాణ్ణి. "ఆ మోకాళ్ళతోనే నిన్న పందెం కోళ్ళు చూడ్డానికి పోయావ్!" అనేది. పద్ధెనిమిది మందీ గొల్లుమనేవారు. నేను దిగలేదు. సిగ్గేసేది. ఆడవాళ్ళ మధ్య చేతులూపుతూ నేనేమిటి అని. వచ్చే ఆదివారం చూద్దాం అనేవాణ్ణి.

జనవరిలో పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే.

తర్వాతి ఆదివారం పాటలు మొదలయ్యాక కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆ ఆడవాళ్ళు వరస సర్దుకోలేదు సారూ. మూడో వరసలో ఎడమ నుంచి నాలుగో చోటు వదిలేసి నిలబడ్డారు. కుడికి, ఎడమకి, ముందుకి, వెనక్కి. వాళ్ళతోపాటు ఆ ఖాళీ కూడా కదిలింది. కింద నిలబడ్డవాడికి అది తెలియదు. నాలుగో అంతస్తు నుంచి చూస్తేనే కనిపిస్తుంది. ఊళ్ళో దాన్ని చూడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

దాన్ని మీరు ఆరు వీధుల అవతలికి పంపించారు.

ఎలీసెర్ కింబాయో

తా.క.: లేదు.

•

బొగొటా,
జూన్ 3

డోన్ ఎలీసెర్ గారికి,

నమస్కారాలు. ఇది ఆఫీసు కాగితం కాదు, నా సొంత కాగితం. నెల్లాళ్ళలో ఆరుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది ఏడోది.

మీరు సారూ అన్నప్పుడల్లా నేను సరిచేయలేదు. నా పేరు నీడియా. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. మీసాలు లేవు. సాన్ హిల్ నుంచి ఈ ఊరొచ్చి పన్నెండేళ్ళయింది. ఆఫీసు మేడ కింది నేలమాళిగలో నా బల్ల. ఫిర్యాదుల విభాగం అంటే ఆ బల్ల, ఒక కుర్చీ, నేను. "పరిగణించబడినది", "నమోదు చేయబడినది" అని రాసిందంతా నేనొక్కదాన్నే చేసేదాన్ని.

మీ మొదటి ఉత్తరం నాకు అర్థమైంది డోన్ ఎలీసెర్. మొదటి చదువులోనే అర్థమైంది. మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, మీ పంతులు అబద్ధమాడాడు.

ఆ బల్ల మీదికి ఈ ఏడాదిలో వచ్చిన ఉత్తరాలు ఏడు. అందులో మూడు పక్క మేడలోని కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాల్సినవి. మిగతా నాలుగూ మీవే. మా నిబంధన ఏమిటంటే, మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలకి జవాబు రాయకూడదు. దస్త్రంలో పెట్టి తాడు కట్టేయాలి. ఫిర్యాదుకైతే జవాబు రాయాలి. జవాబు రాస్తే దానికి మళ్ళీ జవాబొస్తుంది. మీ ఉత్తరంలో "మనుషులున్న కొంపలా" అన్న మాట చదివి, తాడు చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత తాడు పక్కన పెట్టి ఫిర్యాదు ముద్ర వేశాను. నేను చేసిన తప్పు ఇదీ.

గులాబీ నకలు పైకి పంపడం ఉత్త తతంగం అనుకున్నాను. ఇన్నేళ్ళలో వాళ్ళు ఏదైనా చేసింది నేను చూడలేదు. మీ విషయంలోనే వాళ్ళకి ఎక్కడలేని హుషారు పుట్టింది. మునిగిపోతున్న ఆడవాళ్ళ గురించి నేను కాస్త నవ్వుకుందామని రాశాను, మీరూ నవ్వుతారేమోనని. మర్నాడు పైనుంచి గాలి చక్రం కొలతలు అడుగుతూ మనిషొచ్చాడు.

నేను వినోదాల కార్యాలయంలో పనిచేస్తాను గాని ఆదివారం నాకేమీ వినోదం లేదు. తలంటుకుంటాను. సోమవారానికి జాకెట్టు ఇస్త్రీ చేసుకుంటాను. మధ్యాహ్నం రెండింటికి వీధుల్లో మళ్ళీ కార్లు వదులుతారు కదా, ఆ చప్పుడు వింటే ఒక రోజు గడిచిందని తెలుస్తుంది. మీ ఉత్తరం వచ్చిన వారాల్లో బస్సులో వెళ్తూ దాన్ని గుర్తు చేసుకునేదాన్ని. డోన్యా ఎడెల్మిరా మాట గుర్తొచ్చి బస్సులో నవ్వితే పక్కావిడ లేచి వేరే సీటులో కూర్చుంది.

ఒదీలియా గారి సంగతి నాకు తెలియదు. తెలిస్తే ఆ ముద్ర ముట్టుకునేదాన్ని కాదు. మీ దుఃఖంతో ఆడుకున్నాను. క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

తరగతిని వెనక్కి తేవడానికి ఒకే దారి ఉంది. ఉద్యోగి తప్పు చేసిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ ఉద్యోగి చేసినవన్నీ రద్దవుతాయి. ఫారం జతపరిచాను. "ఎవరి మీద" అన్న చోట నా పేరు నీడియా ట్రిస్టాంచో అని రాయండి. సంకోచించకండి. నిబంధన పంతొమ్మిది ప్రకారం, ఫిర్యాదుదారు చెప్పిన చోటికి ఉద్యోగి స్వయంగా వెళ్ళి ఎదురుగా నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. నాలుగు అంతస్తులూ ఎక్కి వస్తాను. ఏ రోజో మీరే రాయండి.

మీ,
నీడియా

తా.క.: ఆరు కొకాదాలూ నిజంగానే ధ్వంసమయ్యాయి. రోజుకి రెండు చొప్పున, టీ వేళకి. పళ్ళు నొప్పెట్టిన మాట వాస్తవం.

•

బొగొటా,
జూన్ 8

అమ్మా నీడియా,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు కోపమొచ్చింది. మూడోసారి చదివేటప్పటికి టీ చల్లారిపోయి, దాన్ని వేడిచేసే హడావుడిలో కోపం ఎటో పోయింది.

ఫారం నింపాను. ఎవరి మీద: నీడియా ట్రిస్టాంచో. నేరం: ఒక ముసలివాడి చేత రెండు నెలలు సారూ అని పిలిపించుకోవడం. కోరిన పరిష్కారం అన్న గడి దగ్గర మాత్రం కలం ఆగింది. ఎందుకో చెబుతాను.

నీకు ఆ ఆఖరి ఉత్తరం రాశాక వారమంతా ఒకటే ఆలోచన. కొత్త చోట కూడా వాళ్ళు ఆ ఖాళీ వదులుతున్నారా, సర్దేసుకున్నారా? కిటికీలోంచి కనపడదు. అడుగుదామంటే ఎవరూ రారు. మే పదో తేదీ ఆదివారం ఏడింటికి మెట్లు దిగాను. ఆరు వీధులకి గంట పట్టింది. కనపడిన ప్రతి అరుగు మీదా కూర్చున్నాను. సైకిళ్ళవాళ్ళు గంటలు కొడుతూ పోతుంటే, ఏ గంట స్ప్రింగు పోయిందో వింటూ నడిచాను. బయల్దేరేటప్పుడు ఎడెల్మిరా చూసి, కేకేయబోయి, నా ముఖం చూసి, ఒక గ్లాసు రసం చేతిలో పెట్టింది.

మైదానం చుట్టూ ఎక్కడా మేడ లేదు. నేల మీద నిలబడి చూస్తే ముందువాళ్ళ వీపులే కనపడ్డాయి. ఖాళీ ఉందో లేదో తెలియలేదు. అప్పుడు పక్కావిడ నన్ను గుర్తుపట్టింది, ఒదీలియా ముక్కుకి ముక్కు తగిలించే ఆవిడే. చెయ్యి పట్టుకుని మూడో వరసకి లాక్కెళ్ళింది. చోటు ఉంది, తల్లీ. అలాగే ఉంది. "నిలబడండి, ఇది మీదే" అంది. నేను అందులో నిలబడలేదు. దాని కుడిపక్కన నిలబడ్డాను. అందరూ కుడికి తిరిగారు. నాకేమీ రాదు కదా, ఎడమకి తిరిగాను. ఎదురుగా ఎవరూ లేరు.

ఏడవలేదని చెప్పను. పాట గట్టిగా ఉంది, ఎవరికీ వినపడలేదు. కుడి గొంతు ఇంకా జీరగానే ఉంది. రెండో వారం స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళి బాగుచేశాను.

ఇప్పటికి ఐదు ఆదివారాలు వెళ్ళాను. నిన్న యాభై నిమిషాలే పట్టింది.

అందుకని కోరిన పరిష్కారం ఇదీ: తరగతిని వెనక్కి తేవద్దు. ఎవరడిగినా తేవద్దు. అది మళ్ళీ మా కిటికీ కిందికి వస్తే నేను మళ్ళీ పైనే కూర్చుంటాను. నా సంగతి నాకు తెలుసు.

అన్నీ చక్కబడ్డాయని రాస్తే అబద్ధమవుతుంది. మధ్యాహ్నం వచ్చి తలుపు తీస్తే ఇల్లు అలాగే ఉంటుంది. ఒక్కోసారి "వచ్చేశానే" అని నోరు జారుతుంది. అది మారుతుందనుకోను. సోమవారం నుంచి శనివారం దాకా రోజులు చాలా పొడుగు. నీకు వేరే చెప్పక్కర్లేదు, నీకూ తెలిసిన సంగతే.

నిబంధన పంతొమ్మిది గురించి. ఆదివారం పొద్దున నేను ఇంట్లో దొరకను. మెట్లెక్కి ఆయాసపడొద్దు. విచారణ వచ్చే ఆదివారం ఎనిమిదింటికి, అగ్నిమాపక కేంద్రం వెనక మైదానంలో. ముద్దాయి తప్పక హాజరు కావాలి. ఆఖరి వరసలో బోలెడంత చోటుంది.

ఇట్లు,
ఎలీసెర్ కింబాయో

తా.క.: కసరత్తు బట్టలు లేవని మానెయ్యకు. నేను కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని చేస్తున్నాను. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.